దడువాయి మామ పొట్టి అరట్లు

దడువాయి మామ పోయారన్న కబురు నాకు గోడ అవతలి నుంచి వచ్చింది. రోజూ పొద్దున ఆ గోడ అవతల ఒక చప్పుడు వినిపించేది. కుండీని ఒక పక్కకు కొంచెం లేపి, మళ్ళీ కింద పెడితే వచ్చే చప్పుడు. ఒకటి వినబడేది, కాసేపు ఆగి ఇంకొకటి. పోయిన మంగళవారం ఆ చప్పుడు లేదు. ఇవాళ ఆలస్యంగా లేచినట్టున్నారు అనుకుంటూ టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు అత్తమ్మ పిలిచింది.

"అల్లుడా, జర ఇటు రా. మీ మామ లేస్తలేడు."

ఆ మాట అరుపులా లేదు. పొయ్యి మీద పాలు చూడమన్నంత మెల్లగా ఉంది. నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో నవారు మంచం మీద, మొక్కల వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఎండ అప్పుడే గోడెక్కింది. అరటి ఆకుల్లోంచి దిగిన వెలుగు ఆయన తెల్ల బనీను మీద లేత పచ్చగా పడింది. గాలికి ఆకు కదిలినప్పుడల్లా ఆ పచ్చదనం ఆయన ఛాతీ మీద మెల్లగా లేచి దిగింది. ఊపిరి తీస్తున్నారని చాలాసేపు నమ్మాను.

నాకూ ఆయనకూ చుట్టరికం లేదు. కేసముద్రం మార్కెట్ యార్డులో ఆయన దడువాయి, అంటే రైతులు తెచ్చిన బస్తాలను కాంటా మీద తూచే మనిషి. నేను అక్కడే, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. బడి ఏడో తరగతితో ఆగిపోయింది కాబట్టి నాకు వచ్చిన లెక్కలన్నీ ఆ దుకాణం గద్దె మీద కూర్చుని నేర్చుకున్నవే. యార్డులో ప్రతివాళ్ళకూ ఏదో ఒక వరస దొరుకుతుంది. ఆయన నాకు మామ అయ్యారు, ఆయన భార్య అత్తమ్మ అయింది. నేను వరంగల్ నుంచి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. పని మానేశాక ఆయన కూడా వరంగల్ వచ్చి, మా పక్కనే ఖాళీ స్థలం ఉంటే రెండు గదులు వేసుకున్నారు. ఇంటి ముందు మిగిలిన జాగా నాలుగు అడుగుల వెడల్పుంటుంది. అరట్లన్నీ అక్కడే.

అరట్లంటే పెద్ద గెలలు వేసేవి కావు. మనిషి ఎత్తుకు మించని పొట్టి రకాలు. ఒకదాని ఆకుల మీద ఎర్రటి మచ్చలు, వక్కాకు నమిలి ఊసినట్టు. ఇంకొకదాని బోదె నల్లగా నిగనిగలాడుతుంది. కాయలు వేలెడంత కూడా ఉండవు, ఉన్నా లోపలంతా గింజలే. ఇవి కేవలం చూసుకోవడానికి. హనుమకొండ పోయే రోడ్డు పక్కన మొక్కల బండి ఆగితే, ఆయన మొదటి మొక్కను అక్కడి నుంచే తెచ్చారు. మంచి ఆకులున్న మొక్క ఏదని అడగలేదట. ఒక్కో సంచీని చేత్తో లేపి చూసి, బరువున్నదాన్ని తీసుకున్నారట. మట్టిలో వేరు ఎంత పట్టిందో తూకం చెబుతుందని ఆయన నమ్మకం.

ఆ రోజు అత్తమ్మ అన్న మాటలు వాడకట్టంతా విన్నది.

"కూరకు రాదు, పండుకు రాదు. పోనీ ఆకేసి అన్నం పెడుదామంటే ఒక్క ముద్దకే నిండుతది. ఇదేం అరటయ్యా?"

"అందుకే తెచ్చిన," అన్నారు మామ. "నలభై ఏండ్లు తూకమున్నదే చూసిన. జర తూకం లేనిది గూడ చూడనియ్యి."

"చూడు. ఆకలైతే గూడ దాన్నే చూడు."

మర్నాటికి ఆవిడే బియ్యం కడిగిన నీళ్ళు దాని మొదట్లో పోసింది.

ఆయన నీళ్ళు పోసే పద్ధతి అందరిలా ఉండేది కాదు. మట్టిని వేలితో పొడిచి చూసేవారు కాదు. పాత పెయింటు డబ్బాలే ఆయన కుండీలు. డబ్బా అంచు పట్టుకుని ఒక అంగుళం మేర లేపి, కళ్ళు మూసుకుని, దించేవారు. "దీనికి రేపటిదాక సాలు." ఇంకొకటి లేపి, "దీనికి రెండు చెంబులు." నేనూ లేపి చూసేవాణ్ణి. నాకు డబ్బా బరువు తప్ప ఏమీ తెలిసేది కాదు. "చెయ్యి చెప్తది అల్లుడా, జర ఆగు," అనేవారు. ఆ 'జర ఆగు' ఆయనకు ఊతపదం. యార్డులో కాంటా ముల్లు ఊగుతున్నప్పుడు తొందరపడే వ్యాపారితో కూడా అదే మాట. ముల్లు పూర్తిగా నిలిచేదాకా ఆయన నోటి నుంచి అంకె వచ్చేది కాదు.

ఆకులు లెక్కపెట్టడం కూడా యార్డు నుంచి తెచ్చుకున్న అలవాటే. మా దగ్గర తూకం వేసేటప్పుడు మొదటి బస్తాను 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. సాయంత్రం ఎండ తగ్గాక ఆయన ఒక్కో చెట్టు ముందు నిలబడి, కింది ఆకు నుంచి పైకి, వేలు చూపిస్తూ "లాభం, రెండు, మూడు" అని పాడినట్టు లెక్కపెట్టేవారు. గోడకు ఇవతల నేను నా రోజువారీ పుస్తకంలో ఆ అంకెలు రాసుకునేవాణ్ణి. ఎందుకు రాశానో చెప్పలేను. రోజూ ఏదో ఒకటి రాయకపోతే నాకు ఆ రోజు గడిచినట్టు అనిపించదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన ఆ అరట్ల నడుమ పీట వేసుకుని కూర్చునేవారు. కొత్త ఆకు చుట్టలా లేస్తుంది, కాని మనం చూస్తుండగా విచ్చుకోదు. చూపు తిప్పినప్పుడు విచ్చుకుంటుంది. ఆ ఆకుల నడుమ వెలుగు నీళ్ళలో ఉన్నట్టుంటుంది. అక్కడ కూర్చుంటే బజారు చప్పుడు ఎక్కడో దూరంగా, వేరే ఊళ్ళో వినబడుతున్నట్టు ఉండేది. ఒకసారి అక్కడే కునుకు తీసి లేచి నాకు తన కల చెప్పారు.

"యార్డు మొత్తం ఖాళీ అల్లుడా. బస్తా లేదు, మనిషి లేడు. నడుమ కాంటా ఒక్కటే ఉన్నది. పొద్దు పొడిచి దాని మీద ఎండ పడ్డది. ముల్లు కదిలింది."

"ఎంత చూపించింది మామా?"

"గదే చూస్తాన్న. గింతల మీ అత్త చాయ్ అని లేపింది."

ఆయన అరట్లకు ఒక గిరాకీ కూడా వచ్చింది, ఆయన అనుకోనిది. మా ఎదురింటి టీచరమ్మ ఒక రోజు వచ్చి, "మామా, ఎల్లుండి మాకు సత్యనారాయణ వ్రతం. బజార్ల దొరికే అరటి చెట్లు మా ఇంట్ల ఫ్యాన్‌కు తాకుతున్నయి. నీ పొట్టియి రెండియ్యి, పీటకు కట్టుకుంటం," అంది.

"పెరిగేదాన్ని కొయ్య బిడ్డా. పువ్వు పూసి కాయ పండినంక అది ఎట్లయిన పోతది. అప్పుడు తీస్కపో. మీ దేవునికి తొందరున్నదా?"

"దేవునికి లేదు మామా. మా అత్తకున్నది."

ఏం చెప్పి ఒప్పించిందో గాని, టీచరమ్మ వ్రతం రెండు నెలలు వాయిదా పడింది. ఆ తర్వాత మా వాడకట్టులో వ్రతం పెట్టుకునేవాళ్ళు ముందు మామ ఇంటికి వచ్చి, ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో అడిగి పోయేవారు.

ఇక అసలు చెప్పవలసినది మామ ఎర్రపూల చెట్టు అని పిలిచే అరటి గురించి. బండివాడు ఒక అట్ట ముక్క మీద దాని బొమ్మ చూపించాడట. గెల కిందికి వేలాడకుండా పైకి నిలబడి, కలువ మొగ్గలా, గులాబీ రంగులో విచ్చుకునే పువ్వు. మామ ఆ బొమ్మను అడిగి తెచ్చుకుని అద్దం అంచున గుచ్చి పెట్టుకున్నారు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ కనబడేది. ఆ రకంలో తెచ్చిన మొదటి మొక్కను ఎండలు మాడ్చాయి. రెండోదాన్ని కోతులు చీల్చి, లోపలి తెల్లటి దూటను తినిపోయాయి. మూడోదానికి ఆయన చుట్టూ ఇనుప జాలీ కట్టారు. అది బతికింది. అప్పటికే ఆయనకు ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. ఏళ్ళ తరబడి పీల్చిన మిరప దుమ్ము ఛాతీలో ఉండిపోయిందని డాక్టర్లు అన్నారు. "ఇది పూస్తే ఒక్కసారి చూస్త. ఇగ ఏం ఫికర్ లేదు," అనేవారు. అత్తమ్మ, "పూసినంక కాయలెట్లుంటయో చూస్తనంటవు. నాకెరుక లేదా నీ సంగతి," అనేది.

పోయిన వానాకాలం చివర్లో ఆయనకు ఆయాసం ఎక్కువై హనుమకొండ దవాఖానలో చేర్చారు. అత్తమ్మ కూడా అక్కడే ఉండిపోయింది. ఇంటి తాళంచెవి నా చేతిలో పెడుతూ మామ చెప్పింది రెండే మాటలు. నీళ్ళు గంట చూసి పొయ్యకు, డబ్బా లేపి చూసి పొయ్యి. పొద్దుమూకినంక ఎర్రపూల చెట్టు ఆకుల లెక్క ఫోన్‌ల చెప్పు.

ప్రతి సాయంత్రం ఫోను మోగేది.

"లెక్క చెప్పు."

"పదకొండు."

"మంచిది."

అంతే మా మాటలు. ఎనిమిది రోజులు అలాగే సాగాయి.

తొమ్మిదో రోజు పొద్దున జాలీ తీసి చూస్తే, చెట్టు నెత్తిన కొత్త ఆకు వచ్చి ఉంది. కాని ఆ ఆకు ఆకులా లేదు. మిగతావి మూరెడు పొడవుంటే ఇది అరచేయంత. కురచగా, బిరుసుగా, నిటారుగా నిలబడి ఉంది. నాకు భయమేసింది. అరటిలో ఆకులు కురచబారి ముడుచుకుపోయే తెగులు ఒకటి ఉందని, అది వస్తే చెట్టును వెంటనే తీసేయకపోతే చుట్టుపక్కల వాటికి పాకుతుందని అంతకు ముందే ఫోనులో ఒక వీడియో చూశాను. ఆ వీడియో మళ్ళీ తీసి చూశాను. అదే అనిపించింది. పక్కన ఆయన పెంచినవి ఇంకో ఆరు ఉన్నాయి. దవాఖానలో ఉన్న మనిషిని అడిగి కంగారు పెట్టడం ఎందుకనుకున్నాను. ఇంట్లోంచి కొడవలి తెచ్చి మొదలుకంటా ఒక్క వేటుతో కోశాను. అరటి బోదె కోతకు చప్పుడు కూడా రాదు.

తెగులు పాకకుండా ముక్కలు చేసి సంచిలో కట్టి పారేద్దామని కోస్తూ పోయాను. పైముక్క దగ్గర, తెల్లటి పొరల నడుమ, గులాబీ రంగు కనిపించింది. పొరలు ఒక్కొక్కటే ఒలిచాను. లోపల, పసిపిల్ల పిడికిలంత, గట్టిగా చుట్టుకుని ఉంది పువ్వు. ఇంకో వారమైతే బయటికి వచ్చేది.

ఆ మధ్యాహ్నమంతా ఏం చేశానో గుర్తు లేదు. మొగ్గను తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పెట్టాను. సాయంత్రం ఫోను మోగింది.

"లెక్క చెప్పు."

"పన్నెండు మామా. కొత్తాకు మంచిగ వస్తాంది. పొద్దుగాల జర వాన గూడ పడ్డది. కోతులు ఇటు దిక్కే రాలే. జాలీ మంచిగనే ఉన్నది. నువ్వు పైలంగుండు, మందులు వేసుకుంటున్నవా?"

"మంచిది," అన్నారు.

మూడు సాయంత్రాలు అలాగే లేని ఆకుల లెక్క చెప్పాను. యార్డులో ఉన్నన్నాళ్ళు ఒక్క అంకె కూడా కొట్టేసి దిద్దినవాణ్ణి కాదు. ఆ మూడు రోజులు పుస్తకంలో ఏమీ రాయలేదు. నాలుగో సాయంత్రం ఆయన లెక్క అడగలేదు.

"చిన్నాకు రాలేదా అల్లుడా?"

"ఏం చిన్నాకు?"

"పువ్వు వచ్చే ముందట బుడ్డ ఆకొకటి వస్తది, గింత, అరచేయంత. అదొస్తే ఇగ దాని ఎనుక పువ్వే. నల్లబోదె దానికి చూసిన. నీకు చెప్పుడు మర్సిన. నువ్వు రోగమో గీగమో అనుకుంటవేమోనని ఇయ్యాల యాదికొచ్చింది. ఇంటున్నవా?" అన్నారు.

"ఇంటున్న మామా."

మర్నాడు పొద్దున ఆటోలో దవాఖానకు పోయాను. మొగ్గ టిఫిన్ డబ్బాలో, తడిగుడ్డలో ఉంది. డబ్బా చూడగానే అత్తమ్మ లేచి, "ఏం తెచ్చినవ్ అల్లుడా, ఇడ్లా? ఈడి ఉప్మా తిని నోరు సచ్చిపోయింది," అంది. నేను మూత తీసి మంచం మీద పెట్టాను.

"చిన్నాకును రోగమనుకున్న మామా. కోసిన. నాలుగు రోజులైంది. నీకు తప్పు లెక్క చెప్పిన."

ఆయన ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. ముక్కుకు పెట్టిన గొట్టం లోంచి గాలి చప్పుడు వినబడుతూ ఉంది. కోపమొచ్చిందని అనను. ఏదో కాంటా ముల్లు నిలిచేదాకా ఆగినట్టు ఉన్నారు. తర్వాత చెయ్యి చాపారు. మొగ్గను ఆ అరచేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని చేతిని కొంచెం పైకి, కొంచెం కిందికి కదిపారు.

"అద్దపావు," అన్నారు, అంటే పావుకిలోలో సగం. "దాని మీద జర ఎక్కువ."

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"తప్పు లెక్క అని నాకెరుకే," అన్నారు మామ కళ్ళు తెరవకుండానే.

"ఎట్ల మామా?"

"లెక్క సరిగ్గున్నోడు గన్ని మాటలు మాట్లాడడు."

"అవు మల్ల," అంది అత్తమ్మ. "గిన్నేండ్లల్ల నీ నోట్లెకెళ్ళి వాన ముచ్చట రాంగ నేనెప్పుడు ఇనలే. ఫోన్ పెట్టంగనే, చెట్టుకేమో అయిందే అన్నడు. మూడు రాత్రులు సరిగ్గ పండలే."

ఆ మాటతో నేను తల ఎత్తలేకపోయాను. అప్పుడు మామ అన్నారు, "ఊకో. పూసినంక అందరు చూస్తరు. పూయకముందుగాల తూకమేసినోణ్ణి నేనొక్కణ్ణే."

మొగ్గను ఒక స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఆయన తలాపున పెట్టారు. అది విచ్చుకోలేదు. నర్సులు వచ్చి ఇదేం పువ్వని అడిగితే, "ఇంక పుట్టలే," అని చెప్పేవారట.

ఇంటికి వచ్చాక ఆయన ఆ మొగ్గను పాత డబ్బాలోనే, కోసిన మొదలు పక్కన మట్టిలో పెట్టారు. కొద్ది రోజులకు దుంప నుంచి రెండు పిలకలు లేచాయి. ఒకటి నిండుగా, వెడల్పు ఆకులతో ముచ్చటగా ఉంది. ఇంకొకటి సన్నగా, కత్తిలా పొడుచుకొచ్చింది. నన్ను ఒకటి తీసుకోమన్నారు. నేను ముచ్చటైనదాన్ని చూపించాను.

"గది పైపైనే. దుంపల పట్టు లేదు. సన్నదాన్ని తీస్కపో. నీదో నాదో ఒకటి నిలవడుతది. కోతులు రెండిండ్లకు ఒక్కపారే రావు."

అలా ఒకటి గోడకు ఇవతల, ఒకటి అవతల పెరిగాయి. ఆయనది ఈ ఎండల్లో మాడి, మొదలు దాకా ఎండిపోయింది. పట్టు లేని వెడల్పాకుల దాన్ని కావాలనే తనకు ఉంచుకున్నారని నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం గోడ మీద గడ్డం ఆనించి, "లెక్క చెప్పు," అనేవారు. చెప్పేవాణ్ణి. ఒక్క అంకె, అంతే. ఇంకో మాట కలపడానికి నాకు భయం. ఆయన ఊపిరి రోజురోజుకూ చిన్నదవుతోంది. నేను రోజూ చెట్టు నెత్తిన చూసేవాణ్ణి, కురచ ఆకు వచ్చిందేమోనని. నిండు ఆకులే వచ్చాయి. చక్కటి, పొడవాటి, ఆరోగ్యమైన ఆకులు.

నా చెయ్యి ఆ ఒక్క వేటు వేయకుండా ఉంటే ఆయన ఆ పువ్వును విచ్చుకోగా చూసేవారు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ముఖ్యంగా ఇది చెప్పడానికే. ఆయన ఈ మాటను మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. నలుగురిలో నవ్వడానికైనా ఎత్తలేదు.

నిన్న పొద్దున నా చెట్టుకు కొత్త ఆకు విడింది. అరచేయంత ఉంది.

గోడ దగ్గరికి పోయి అత్తమ్మను పిలిచాను. "మీ ఇంట్లకు రావద్దు నేను. దినాలు కాలే," అంది. "దాన్నే ఇటు తే."

రెండు చేతులతో డబ్బాను ఎత్తుకున్నాను. గేటు దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, దానికి నీళ్ళు తక్కువయ్యాయని తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పలేను. రెండు చెంబులు కావాలి. అక్కడే ఒక నిమిషం నిలబడిపోయాను.

వరండా ముందు, ఎప్పుడూ మొక్కలుండే చోట దించాను. అత్తమ్మ వచ్చి చూసింది.

"ఇదేనా చిన్నాకు?"

"ఇదే అత్తమ్మా."

"కొడవలి ఇంట్లనే పెట్టొచ్చినవు గద?"

ఈసారి నవ్విందని స్పష్టంగా తెలిసింది. రెండు చెంబులు పోయమన్నాను. పోసింది. తర్వాత చెట్టు ముందు నిలబడి, కింది ఆకు నుంచి వేలు చూపిస్తూ, "లాభం, రెండు, మూడు," అని మొదలుపెట్టింది. పై దాకా వచ్చి, చిన్నాకు దగ్గర ఆగింది. దాన్ని లెక్కలో కలపలేదు. అలాగే వేలు చూపించి నిలబడింది.

కడిగి ఎండకు వాల్చిన నవారు మంచం ఆ పక్కనే ఉంది. చెట్టు మీదుగా వచ్చిన ఎండ దాని మీద పడింది. పెద్ద ఆకుల నీడలు అటూ ఇటూ ఊగుతున్నాయి. వాటి నడుమ, పట్టీల మీద, ఒక చోట మాత్రం లేత పచ్చటి వెలుగు, అరచేయంత, కదలకుండా నిలిచి ఉంది.